బానెట్ కింద పిండిముద్ద

అడుగున ఉన్ని బట్టలు, వాటి మీద పనికి వేసుకునే ముతక చొక్కాలు, పక్క అరలో దువ్వెన, సబ్బు, తలనొప్పి బిళ్ళలు. చెల్లెలి సంచీ సర్దడం అక్కకు కొత్త కాదు. ఇప్పటికి మూడుసార్లు సర్దింది, మూడుసార్లూ అదే సాయంత్రం విప్పింది. అందుకని ఈసారి ఆవిడ చేతులు సర్దుతూనే విప్పడానికి వీలు చూసుకుంటున్నాయి. ఇంట్లో వేసుకునే నూలు బట్టలు అన్నిటికంటే పైన పెట్టింది. తిరిగొచ్చిన మనిషి ముందు స్నానం చేస్తుంది కదా.

"ఇంకా నీ చెల్లెలి కారులోకి ఇంజనే ఎక్కలేదు, అప్పుడే సంచీ ఎందుకే?" అన్నాడు పెద్దాయన గుమ్మంలోంచి. ఆయన ఆవిడ భర్త. కొండ మీది కనుమదారిలో బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి.

"ముందే సర్దేస్తే నా మనసు కుదుటపడుతుంది."

"నీ మనసు కుదుటపడటం పెళ్ళయినప్పటి నుంచీ చూడలేదు. ఈ వయసులో చూపించి నన్ను భయపెట్టకు."

అక్క నవ్వలేదు. ఆ గుమ్మంలోంచి సంచీతో వెళ్ళినవాళ్ళు ఆవిడకు చాలామందే ఉన్నారు. చెల్లెల్ని పాలుతాగే వయసులో తన ఒళ్ళో పెట్టి ఆసుపత్రికని వెళ్ళిన తల్లి వాళ్ళలో మొదటి మనిషి. వెళ్ళొస్తానన్న మాట విన్నప్పుడల్లా అక్క చెవి ఆ రెండో సగం దగ్గరే ఆగిపోతుంది.

చెల్లెలు బండ్లు బాగుచేస్తుంది. వీధిలో అందరూ బోల్టమ్మ అంటారు. పానా పట్టడం ఎవరూ నేర్పలేదు. విప్పింది, చూసింది, మళ్ళీ బిగించింది, అంతే. కనుమ అవతల రోడ్డు పనుల క్యాంపులో యంత్రాలు చూసుకునే ఉద్యోగం ఆమెకు వచ్చింది. సొంత షెడ్డు ఇస్తామన్నారు. ఒకటే షరతు: సొంత బండిలో పనిముట్లన్నీ వేసుకుని, కొండ మీద యంత్రం ఎక్కడ ఆగితే అక్కడికి వెళ్ళగలగాలి. కొండ ఎక్కలేని బండి వాళ్ళకు దండగ. మంచు పడి కనుమ మూసేలోగా వస్తే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని కబురు పెట్టారు.

చెల్లెలి కారేమో అగ్గిపెట్టెంత. ఊళ్ళో బంగారంలా తిరుగుతుంది. వెల్డింగ్ సెట్టూ జాకీలూ పానాల పెట్టెలూ వేసుకుని కొండెక్కమంటే మాత్రం మూడో మలుపులో ఆయాసపడి, ముక్కుల్లోంచి పొగలు కక్కి కూర్చుంటుంది. మూడుసార్లూ అలాగే వెనక్కి జారుకుంటూ ఇంటికొచ్చింది. మూడుసార్లూ అక్క నీళ్ళు కాచింది, సంచీ విప్పింది, "పోనీలేవే" అంది. ఆ మాటలో ఎంత జాలి ఉందో అంత హాయి కూడా ఉందని చెల్లెలు కనిపెట్టింది, పైకి అనలేదు.

మూడోసారి తిరిగొచ్చిన మర్నాడు చెల్లెలు పాత సామాన్ల దుకాణానికి పోయి, పక్కకు ఒరిగిపోయిన సరుకుల వ్యాను ఒకదాని ఇంజన్ తెచ్చి షెడ్డులో దింపింది. కారు ఇంజన్‌కు దాదాపు రెట్టింపు ఉంది. పెద్దాయన దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు.

"మరదలా, ఏనుగును తెచ్చి కోళ్ళగంపలో కూర్చోబెడతానంటున్నావు."

"గంపను పెద్దది చేస్తాను బావా."

"ఏనుగు లేచి పరిగెడితే?"

"అందుకే ముందు ఆగడం నేర్పుతా. పరుగు తర్వాత."

అన్నట్టే చేసింది. ఇంజన్ జోలికి పోకుండా ముందు బ్రేకులు పట్టుకుంది. ముందు చక్రాలకున్న పాత డ్రమ్ము బ్రేకులు పీకేసి, పెద్ద బండి డిస్కు బ్రేకులు వేసింది. తర్వాత స్ప్రింగులు మార్చింది, బరువైన ముక్కు నేల వాసన చూడకుండా. పాత చిన్న ఇంజన్‌తో, కొత్త పెద్ద బ్రేకులతో కారు కొన్నాళ్ళు వీధిలో తిరిగింది. ముట్టుకుంటే చాలు, గోడకు కొట్టిన మేకులా ఆగిపోయేది. "బోల్టమ్మ కారు బయల్దేరకముందే ఆగిపోతోంది" అని వీధి వీధంతా నవ్వింది. చెల్లెలు పట్టించుకోలేదు. అక్కకు మాత్రం ఆ బ్రేకుల మీద గౌరవం కలిగింది. లోకంలో అందరూ ఎలా వెళ్ళాలా అని చూసేవాళ్ళే. ముందుగా ఎలా ఆగాలా అని చూసినది తన చెల్లెలొక్కతే.

ఇంటి వెనక షెడ్డు వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. అక్క కూరగాయలు తరుగుతూ అన్నీ చూసేది. పాత ఇంజన్ తీసేసిన రోజు కారు పళ్ళన్నీ ఊడిన ముసలి నోరులా ఉంది. గొలుసు కప్పీకి వేలాడుతున్న కొత్త ఇంజన్‌ను చెల్లెలు ఒక చేత్తో నెమ్మదిగా తిప్పేది, ఊయలలో బిడ్డను ఒత్తిగిలబెట్టినట్టు. ఇంజన్ ఒక జాతిది, గేర్‌బాక్సు ఇంకో జాతిది. రెండిటి బోల్టు రంధ్రాలూ కలవవు. మధ్యలో మందపాటి ఇనప పళ్ళెం ఒకటి కావాలి, ఇటువైపు దీని రంధ్రాలు, అటువైపు దాని రంధ్రాలు. దాన్ని లేత్ మేస్త్రి చేసి తెచ్చాడు.

"అక్కగారూ, ఇదుగో పెళ్ళిళ్ళ పేరయ్య" అంటూ ఆ పళ్ళేన్ని కిటికీ దగ్గర పైకెత్తి చూపించాడు. "ఇద్దరికీ నచ్చజెప్పి ముడి వేసేది ఇదే. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, కాపురం మూడు రోజులు."

"తేడా వచ్చిందా మరి?"

"మీ చెల్లెలు మూడుసార్లు వెనక్కి పంపింది. నా గురువు కూడా నన్నిన్ని తిట్లు తిట్టలేదు. ఇప్పుడు తేడా రమ్మన్నా రాదు."

పళ్ళెం కూర్చుంది. ఒక్క దెబ్బ సుత్తి వేయకుండా, పెట్టెకు మూత పడ్డంత మెత్తగా కూర్చుంది. లేత్ మేస్త్రి చేతులు కట్టుకుని, అది తన పని అన్న సంగతే మరిచిపోయినట్టు చూస్తూ నిలబడ్డాడు.

ఇక మిగిలింది ఎత్తు. ఇంజన్ పొడుగుది, బానెట్ పొట్టిది. ఇంజన్‌ను పైకి పెడితే బానెట్‌కు తగులుతుంది. కిందికి దించితే అడుగున నూనె నిలిచే తొట్టి, దాన్ని ఆయిల్ చాంబర్ అంటారు, అడ్డంగా ఉన్న ఇనప దూలానికి తగులుతుంది. సందులు ఎంతున్నాయో కంటికి కనపడవు, చెయ్యి దూరదు. దీనికి చెల్లెలి దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇంజన్ మీద పిండిముద్దలు పెట్టి బానెట్ మూసి తెరుస్తుంది. ముద్ద ఎంత మందం మిగిలితే అంత సందు ఉన్నట్టు. అలాగే కింద దూలం మీద ముద్దలు పెట్టి, ఇంజన్‌ను దింపుతుంది.

"అక్కా, కాస్త గోధుమపిండి కలిపి పెట్టవూ. మరీ మెత్తగా కాదు, మరీ గట్టిగా కాదు."

"తినడానికా, కారుకా?"

"కారుకే."

"దానికి కూడా నేనే వండాలన్నమాట" అంది అక్క. పిండి కలపడానికి లేచింది.

ఆ సాయంత్రం ముద్దలు పెట్టి, ఇంజన్‌ను దాని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి వదిలేశారు. కొత్త రబ్బరు రాత్రంతా బరువు మోస్తే కాస్త అణుగుతుందట, అణిగాకే అసలు కొలత. పొద్దున చెల్లెలు టార్చి వేసుకుని కారు కిందికి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఆమె మొహం చూసి అక్క చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"నూనె కారుతోంది" అంది చెల్లెలు. "చాంబర్ దగ్గర. కింద పరిచిన అట్ట మీద చుక్కలున్నాయి."

ఇంజన్‌లో కొత్త నూనె పోసింది నిన్ననే. తేనెరంగు నూనె, అట్ట మీద తేనెరంగు చుక్కలు. ఇంకేం సందేహం? కారే ఇంజన్‌తో కొండెక్కడం కంటే ఎక్కకపోవడం నయం. ఆ రోజంతా పోయింది. నూనె తోడారు, ఇంజన్ మళ్ళీ గాలిలోకి లేచింది, చాంబర్ విప్పారు. దాని అంచున వేసే ప్యాకింగ్ చెక్కుచెదరకుండా ఉంది. అయినా చెల్లెలు దాన్ని పీకి కొత్తది వేసింది, అద్దం పెట్టి చూసింది, వేలితో తడిమింది. ఎక్కడా పగులు లేదు. రేడియోలో కొండ మీద మేఘాలు కమ్ముతున్నాయని, ఈ వారంలోనే కనుమ మూస్తారని చెప్పారు. చెల్లెలు తల తిప్పకుండానే విన్నది.

సాయంత్రం పెద్దాయన చెత్త ఎత్తుతూ, పొద్దున పీకి పారేసిన పిండిముద్దను వేళ్ళతో నలిపి చూశాడు. వాసన చూశాడు. వంటింటి వైపు చూశాడు.

"ఏమే, ఈ పిండిలో ఏం పోశావు?"

"ఏముంది, నీళ్ళు, ఉప్పు..." అక్క ఆగింది. "రాత్రంతా ఉండాలన్నారుగా. ఎండి పగలకుండా కాస్త నూనె వేశాను."

"కాస్తంటే?"

"చేతికి వచ్చినంత."

ఇంజన్ బరువుకు నలిగి, పిండిలోంచి వంటనూనె దూలం మీదికి, దూలం మీంచి అట్ట మీదికి కారిందని షెడ్డులో అందరికీ ఒకేసారి అర్థమైంది. లేత్ మేస్త్రి ఉన్నట్టుండి తన చెప్పుల్లో ఏదో వెతుక్కున్నాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయనకు అంతకంటే మంచి చోటు దొరకలేదు.

చెల్లెలు మాత్రం నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి వంటింటి గడప మీద నిలబడింది.

"అక్కా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నేను వెళ్ళకూడదనే చేశావా?"

"పిండి ఎండకూడదని చేశాను."

"అంతేనా?"

"నిన్ను ఆపాలంటే పిండిలో నూనె ఎందుకే, పిచ్చిదానా. టాంకులో గుప్పెడు పంచదార పోస్తే పోలా. ఆ ముక్క నాకు చెప్పింది నువ్వే."

పెద్దాయన వెనక నుంచి అందుకున్నాడు. "పంచదార డబ్బా ఎక్కడుందో చెప్పు మరదలా, నా మంచం కింద పెట్టుకుంటాను."

అప్పుడు చెల్లెలి మొహంలో నవ్వు కదిలింది. కదిలిందే గాని నిలవలేదు. ఆమె మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోయింది.

అక్క పొయ్యి దగ్గర నిలబడింది. పిండి ఎండకూడదన్న మాట నిజమే. కానీ పొద్దున 'నూనె కారుతోంది' అని చెల్లెలు అన్నప్పుడు తన గుండెలో ఏం జరిగిందో ఆవిడకు తెలుసు. ఎవరో భుజాల మీంచి మూట దించినట్టయింది. చెల్లెలు రోజంతా నడుం విరిగేలా పని చేస్తుంటే, తను కిటికీలోంచి చూస్తూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. చిన్నప్పటి నుంచీ ఏ బడికీ కట్టని ఫీజుతో, ఏ గురువు చెప్పని పాఠంతో ఇంత విద్య సంపాదించిన మనిషి అది. ఇంత పెద్ద యంత్రాన్ని ఒంటి చేత్తో గాలిలో తిప్పగల మనిషి. దానికి ఒక కొండ అడ్డం ఉంటే బాగుండునని కోరుకోవడం ఏం ప్రేమ? తను ప్రేమించేది చెల్లెల్నా, లేక మూడో మలుపునా?

ఆవిడ డబ్బాలోంచి పిండి తీసింది. నీళ్ళు మాత్రమే పోసి కలిపింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా మర్దించింది. తడిగుడ్డ కప్పి షెడ్డులోకి తీసుకెళ్ళింది.

"ఎండిపోతుందన్న భయం ఉంటే తడిగుడ్డ కప్పాలి. ఆ తెలివి నిన్ననే ఉండాల్సింది" అంది. "జరుగు, నేను పెడతాను. నా చెయ్యి సన్నం, దూరుతుంది."

"నువ్వా? కారు కిందికా?"

"ఏం, నాకు కీళ్ళ నొప్పులుంటే కారుకేం బాధ? అట్ట పరుచు."

ఆవిడ పడుకుని, మూలుగుతూ, కారు కిందికి జరిగింది. చెల్లెలు టార్చి పట్టుకుంది. అక్క ఇంతవరకు ఆ పనిని కిటికీలోంచే చూసింది. కింది నుంచి చూడటం అదే మొదటిసారి. ఇనుమంతా శుభ్రంగా తుడిచి ఉంది. ప్రతి గొట్టం తన దారిన తాను వంగి పోతోంది, ఒకటి ఇంకొకదాన్ని రాసుకోవడం లేదు. వైర్లు జడల్లా అల్లి, కట్టి ఉన్నాయి. ఎవరూ ఎన్నడూ చూడని చోట, ఎవరూ మెచ్చుకోని చోట, ఒక్క బోల్టు కూడా వంకరగా లేదు. అక్క పిండిముద్దను దూలం మీద పెట్టి, వేలు తీయడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"పెట్టావా అక్కా?"

"పెట్టాను. ఇదంతా నువ్వే చేశావా?"

"మరెవరు చేస్తారు?"

"ఏం లేదు. చాలా బాగుంది లోపల" అంది అక్క.

పొద్దున ముద్దలు తీసి చూస్తే కిందిది బొటనవేలంత మందంగా ఉంది, పైది కాగితంలా పలచబడింది. అంటే కింద చోటు ఉంది, పైన లేదు. చెల్లెలు దిమ్మలు కూర్చునే ఇనప పలకలను కోసి, కింది ముద్ద మందంలో సగం కిందికి దించి, తిరిగి వెల్డింగ్ చేసింది. మళ్ళీ ముద్దలు. ఈసారి పైనా కిందా ఒకేలా మిగిలాయి. బానెట్ కోయాల్సిన పని లేకుండానే మూత పడింది. బయటి నుంచి చూసినవాళ్ళకు అదే అగ్గిపెట్టె కారు, లోపల ఏముందో తెలియదు. పెద్ద రేడియేటర్ బిగించారు, సైలెన్సర్ లావుది వేశారు.

తాళం తిప్పినప్పుడు ఇంజన్ దగ్గలేదు, అరవలేదు. గొంతు సవరించుకుని, లోతుగా, నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. లేత్ మేస్త్రి నీళ్ళు నింపిన గ్లాసు తెచ్చి ఇంజన్ మీద పెట్టాడు. నీళ్ళు వణికాయే గాని తొణకలేదు. ఆయన ఆ గ్లాసును అందరికీ చూపించి, ఆ నీళ్ళు తనే తాగేశాడు.

"ఎన్నో బస్సులు నడిపాను" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "ఇలాంటి గొంతు ఒక్కదానికే ఉండేది. దాన్ని వదిలి రావాలంటే ఏడుపొచ్చింది."

ఆ మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. కనుమ పైన గేటు దగ్గరి నుంచి కిందికి వచ్చే బస్సు ఉంది కాబట్టి అంతవరకు తను కూడా వస్తానంది అక్క. "మూడో మలుపులో ఆగితే నెట్టడానికి మనిషి ఉండొద్దూ" అంది. పెద్దాయన వీధి చివరి దాకా కారు పక్కనే నడిచి, బానెట్ మీద చేత్తో తట్టి ఆగిపోయాడు.

కారు నిండా ఇనుమే. అక్క ఒళ్ళో కూడా జాకీ ఒకటి ఉంది. మొదటి మలుపు ఎక్కింది, రెండోది ఎక్కింది. మూడో మలుపు కనిపించగానే అక్క కళ్ళు వేడి చూపించే ముల్లు మీదికి పోయాయి. అక్కడే ప్రతిసారీ ఆ ముల్లు ఎర్రగీతను ముద్దు పెట్టుకునేదని చెల్లెలు చెప్పేది. చెల్లెలు గేరు మార్చలేదు. కాలు కొంచెం నొక్కింది. ఇంజన్ స్వరం ఒక మెట్టు దిగి, నిండుగా పలికింది. వీపు వెనక నుంచి ఎవరో బలమైన చెయ్యి పెట్టి నెట్టినట్టు అక్క సీటుకు ఆనుకుంది. ముల్లు మధ్యలోనే ఉంది, నిద్రపోతున్నట్టు. మలుపు వెనక్కి పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

"అయిపోయిందా?" అంది అక్క.

"ఏది?"

"మూడో మలుపు."

"ఎప్పుడో."

ఆ పైన అక్క ఎన్నడూ చూడని దారి. ముందు ఒక లారీ మూలుగుతూ ఎక్కుతోంది. చెల్లెలు హారన్ కొట్టి, పక్కకు తీసి, దాన్ని దాటేసింది. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ అగ్గిపెట్టె వంక నోరు తెరిచి చూశాడు. అక్కకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. చెల్లెలు కూడా నవ్వింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. భయపడటం మరిచిపోయానని అక్కకు పైకి చేరాక గాని గుర్తు రాలేదు.

గేటు దగ్గర గాలి కత్తిలా ఉంది. సన్నటి మంచు రాలుతోంది. కాపలావాడు చేతులు రుద్దుకుంటూ వచ్చి, "ఇంక మీరే ఆఖరు. మీరు దాటాక మూసేస్తున్నాం" అన్నాడు. తర్వాత కారును కింది నుంచి పైదాకా చూశాడు. "ఇంత సామానుతో ఇదెలా ఎక్కిందమ్మా?"

చెల్లెలు నోరు తెరవకముందే అక్క అందుకుంది. "మా చెల్లెలు ఎక్కించింది. ఇంజన్ మార్చింది. ముందు బ్రేకులు మార్చి, తర్వాత ఇంజన్ మార్చింది. అది తెలిసినవాళ్ళు చేసే పద్ధతి."

కాపలావాడు తెలిసినట్టు తల ఊపాడు.

అక్క దిగి, జాకీని సీటులో పెట్టి, అది దొర్లకుండా దుప్పటి చుట్టింది. చెల్లెలు కిటికీ అద్దం దించింది.

"వెళ్ళొస్తానక్కా. మంచు కరగగానే వస్తా. వేసవిలో."

"దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉంచెయ్యకు, కాలిపోతాయట. మీ బావ చెప్పాడు."

"బావకు ఆ బ్రేకులు తెలీవు."

"తెలీవులే. నాకు తెలుసు. నేను కింద నుంచి చూశాను." అక్క చెల్లెలి చెంప మీద గ్రీజు మరక తుడవబోయి, ఊరుకుంది. "బాగా కట్టావే దాన్ని. ఏ కొండైనా ఎక్కుతుంది. వెళ్ళు."

కారు గేటు దాటి అవతలి వాలులోకి దిగింది. మొదటి వంపు దగ్గర ఎర్రదీపాలు వెలిగాయి. బరువంతా మోసుకుంటూ, జారకుండా, తడబడకుండా, కారు నెమ్మదించి వంపు తిరిగింది. తర్వాత మంచు అడ్డం వచ్చింది. కాపలావాడు గేటు దించాడు. అక్క బస్సెక్కింది.

చెల్లెలు క్యాంపులో షెడ్డు పెట్టుకుని, ఆ కొండల్లో ఆగిపోయిన యంత్రాలన్నిటినీ నడిపిస్తూ అక్కడే ఉండిపోయింది. ప్రతి వేసవీ కనుమ తెరిచారు. ప్రతి వేసవీ పని ఎక్కువగా ఉందని, వచ్చే ఏడాది తప్పకుండా వస్తానని కబురు వచ్చింది. చెల్లెలు మళ్ళీ ఈ ఇంటికి రాలేదు. ఆమె వెళ్ళింది చలికాలం మొదట్లో, కనుమ మూసిన రోజున.